ఇంట్లోనే హాలోవీన్, ఇంటిల్లిపాదీ కూర్చుని సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము న్యూజెర్సీలో ఉంటాం. అక్టోబర్ సగం గడిచేసరికి, కొత్తగా ఈ దేశానికి వచ్చిన తెలుగు కుటుంబాల నుంచి మాకు ఫోన్లు మొదలవుతాయి. "బడిలో అందరూ వేషాల గురించే మాట్లాడుకుంటున్నారట, మేమేం చేయాలి?" అన్నది మొదటి ప్రశ్న. "మీరు ఆ రాత్రి ఇంట్లోనే కూర్చుని సినిమా చూస్తారట కదా, ఏ సినిమా?" అన్నది రెండోది. ఇన్నేళ్లుగా విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

హాలోవీన్ అంటే దెయ్యాలను పూజించడమా?

కాదు. ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లోని కెల్టిక్ ప్రజలకు సావిన్ అనే పండుగ ఉండేది. పంట కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే సంధికాలం అది. ఆ రాత్రి పోయినవాళ్ల ఆత్మలు తిరిగి వస్తాయని నమ్మేవారు. తర్వాత క్రైస్తవంలో నవంబర్ 1 పునీతులందరి పండుగ అయింది. దాని ముందు సాయంత్రం కనుక అక్టోబర్ 31కి హాలోవీన్ అన్న పేరు వచ్చింది. 19వ శతాబ్దంలో ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు దాన్ని అమెరికాకు తెచ్చారు. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలను తొలిచి లోపల దీపం పెట్టేవారు. ఇక్కడ వాళ్లకు గుమ్మడికాయలు దొరికాయి.

ఇప్పుడు మిగిలింది పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు అడగడం, ఇరుగుపొరుగు పలకరింపు. మతరీత్యా ఇష్టం లేని కుటుంబాలు క్రైస్తవుల్లోనూ ఉన్నాయి. వాళ్లు మానేస్తే ఎవరూ తప్పుపట్టరు.

వీధిలోకి పంపకుండా ఇంట్లో కూర్చోబెడితే పిల్లలకు పండుగ పోయినట్టు కాదా?

రెండూ చేయవచ్చు. మేము రెండూ చేస్తాం. మా ఊళ్లో ఆ రోజు సుమారు 6 గంటలకు చీకటి పడుతుంది. ఒక గంట తిరిగి వచ్చి, వేషాలు విప్పకుండానే సినిమా ముందు కూర్చుంటాం.

ఇంట్లో చేసుకునే అలవాటు మాకు కోరి రాలేదు. 2011 అక్టోబర్ 29న ఇక్కడ కాలం కాని కాలంలో మంచు పడి, ఆకులు రాలని చెట్లన్నీ బరువుకు విరిగిపోయాయి. మరుసటి ఏడాది అదే తేదీన శాండీ తుఫాను తీరం దాటింది. వీధుల్లో తీగలు తెగిపడి ఉండటంతో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ హాలోవీన్‌ను నవంబర్ 5కు వాయిదా వేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పుడు మా బాబుకు ఆరేళ్లు. అస్థిపంజరం వేషం కుట్టించి పెట్టాం, కరెంటు లేదు, వాడు ఏడుస్తున్నాడు. ఊరి నుంచి వచ్చి ఉన్న వాళ్ల నాయనమ్మ వాడిని ఆ వేషంలోనే ఒళ్లో కూర్చోబెట్టుకొని, టార్చిలైటు గడ్డం కింద పెట్టుకొని బేతాళుడి కథ ఎత్తుకున్నారు. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకున్నాడు అనగానే వాడి ఏడుపు ఆగిపోయింది. "శవం మాట్లాడుతుందా?" అన్నాడు. "మాట్లాడటమే కాదు, ప్రశ్నలు కూడా అడుగుతుంది" అన్నారు ఆవిడ. ఆ రాత్రి మూడు కథలు అయ్యాయి. నవంబర్ 5న వీధిలో ఎన్ని మిఠాయిలు దొరికాయో వాడికి ఇప్పుడు గుర్తు లేదు, ఆ కథలు మాత్రం గుర్తున్నాయి.

2020లో ఎటూ అందరూ ఇళ్లలోనే ఉన్నారు. వాన, జ్వరం, పసిపిల్ల, కొత్త వీధి, ఏ కారణమైనా సరే, ఇంట్లో ఉండటం తక్కువ పండుగ కాదని నా నమ్మకం.

ఏ సినిమా పెట్టాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లను బట్టి ఎంచుకోండి. పెద్ద పిల్లలు ఒక మెట్టు దిగి కూర్చోగలరు, చిన్నవాళ్లు ఎక్కలేరు.

మూడు నాలుగేళ్ల పిల్లలుంటే "ఇట్స్ ద గ్రేట్ పంప్‌కిన్, చార్లీ బ్రౌన్". 1966లో టీవీ కోసం తీసింది, నిడివి 25 నిమిషాలే. గుమ్మడి తోటలో రాత్రంతా చలికి వణుకుతూ, రాని అతిథి కోసం ఎదురుచూసే లైనస్ అనే పిల్లవాడి కథ. భయం దాదాపు లేదు, కొంచెం దిగులు ఉంది, ఆ దిగులు పిల్లలకు బాగా అర్థమవుతుంది.

ఐదారేళ్లవాళ్లకు "మాన్‌స్టర్స్, ఇంక్." (2001). పిల్లల అరుపుల నుంచి కరెంటు తీసే రాక్షసుల ఊరు అది. చివరికి నవ్వులోనే ఎక్కువ కరెంటు ఉందని వాళ్లకు తెలుస్తుంది. మంచం కింద ఏదో ఉందని భయపడే పిల్లలకు ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు. అదే వయసుకు "వాలెస్ అండ్ గ్రోమిట్: ద కర్స్ ఆఫ్ ద వేర్-రాబిట్" (2005) కూడా బాగుంటుంది. పున్నమి రాత్రి మనిషంత కుందేలు ఊరి కూరగాయల మడులన్నీ మేసేస్తుంది. మట్టి బొమ్మలను ఒక్కో ఫ్రేముకు కాస్త కాస్త కదిలిస్తూ తీశారు. బొమ్మల చెంపల మీద చేసినవాళ్ల వేలిముద్రలు కనిపిస్తాయి, పిల్లలకు చూపించండి.

ఏడెనిమిదేళ్లు వచ్చాక "ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్" (1993). దర్శకుడు టిమ్ బర్టన్ అని చాలామంది అనుకుంటారు. కథ ఆయనదే, దర్శకత్వం మాత్రం హెన్రీ సెలిక్‌ది. 76 నిమిషాలు. సెలిక్ తీసిన "కోరలైన్" (2009)ను మాత్రం పదేళ్ల లోపు పిల్లలకు నేను పెట్టను. కళ్ల స్థానంలో బొత్తాలు కుట్టుకున్న 'రెండో అమ్మ' అందులో ఉంటుంది. కరిచే దెయ్యం కన్నా, అమ్మలా కనిపించి అమ్మ కానిది పిల్లలను ఎక్కువగా వెంటాడుతుంది.

"హోకస్ పోకస్" (1993) అమెరికాలో ఏటా ఇంటింటా ఆడే సినిమా. సేలం పట్టణపు ముగ్గురు మంత్రగత్తెల కథ. సరదాగా ఉంటుందని అందరూ చెబుతారు, కాని రెండు సంగతులు చెప్పరు. మొదటి పది నిమిషాల్లోనే ఒక చిన్న పాప చనిపోతుంది. కథ మొత్తం ఒక 'కన్య' కొవ్వొత్తి వెలిగించడం మీద నడుస్తుంది, ఆ మాట పదేపదే వస్తుంది. దానికి అర్థం ఏమిటని పిల్లలు అడుగుతారు. జవాబు సిద్ధం చేసుకొని కూర్చోండి.

ఏ సినిమా ఏ యాప్‌లో ఉందన్నది ఏడాదికోసారి మారుతుంది. 31వ తేదీ సాయంత్రం అందరూ కూర్చున్నాక వెతకడం మొదలుపెట్టకండి.

రేటింగ్ చూసుకుంటే సరిపోదా?

సరిపోదు. అమెరికాలో ఈ రేటింగ్ పద్ధతి 1968లో మొదలైంది. పీజీకీ (పిల్లలకు చూపాలో లేదో తల్లిదండ్రులు చూసుకోవాలి) ఆర్‌కీ (పదిహేడేళ్ల లోపు వాళ్లు పెద్దల తోడుతోనే చూడాలి) మధ్య 1984 జులై దాకా ఏ మెట్టూ లేదు, అప్పుడే పీజీ-13 వచ్చింది. అందువల్ల అంతకుముందు వచ్చిన చాలా సినిమాలు పీజీలోనే ఉండిపోయాయి. 1982 నాటి "పోల్టర్‌గైస్ట్" మీద ఇప్పటికీ పీజీ అనే ఉంటుంది. పెద్దవాళ్లకే నిద్ర పట్టనివ్వని సినిమా అది. 1984 జూన్‌లో వచ్చిన "ఘోస్ట్‌బస్టర్స్" కూడా పీజీయే, అందులో పెద్దవాళ్ల జోకులు కొన్ని ఉన్నాయి. పాత సినిమా అయితే ముందు రాత్రి మీరు ఒకసారి చూడండి. అంత తీరిక లేకపోతే మొదటి పావుగంట, చివరి పావుగంట చూసినా చాలా వరకు తెలుస్తుంది.

మధ్యలో పాప భయపడితే?

మా పాపకు ఐదేళ్లప్పుడు నేను తొందరపడి "నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్" పెట్టాను. వాళ్ల అన్నయ్య అడిగాడు, సరే అన్నాను. చివర్లో ఊగీ బూగీ అనే గోనెసంచి రాక్షసుడి కుట్టు ఊడిపోతుంది, లోపలి నుంచి పురుగులు జలజలా రాలతాయి. పాప ఏడవలేదు. నా చొక్కా బొత్తాం పట్టుకొని మెలితిప్పడం మొదలుపెట్టింది, అది ఊడి తన చేతిలోకి వచ్చేదాకా తిప్పుతూనే ఉంది. ఆపేశాను. లైటు వేశాను. చాలాసేపటికి అడిగింది: "ఆ పురుగులన్నీ ఇప్పుడు ఎక్కడికి వెళ్తాయి?"

"భయం లేదు, అది ఉత్తుత్తిది" అనబోయి ఊరుకున్నాను. తను అడిగింది అది కాదు. "ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?" అన్నాను. ఆలోచించి "వాళ్ల అమ్మ దగ్గరికి" అంది. తర్వాత రిమోట్ తన చేతికి ఇచ్చాను. ఆ సీను వెనక్కి తిప్పి రెండుసార్లు చూసింది, రెండోసారి తానే ఆపి పురుగులను లెక్కపెట్టబోయింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక నియమం ఉంది. హాలోవీన్ రాత్రి రిమోట్ అందరికన్నా చిన్నవాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు ఆపమంటే ఆగాలి, ఎందుకని ఎవరూ అడగకూడదు, ఎవరూ నవ్వకూడదు. భయాన్ని ఆపే మీట తన బొటనవేలి కింద ఉందని తెలిసిన పిల్ల తను అనుకున్న దానికన్నా ఎక్కువ దూరం చూడగలదు. ఈ పేజీలో ఒక్క మాటే తీసుకోవాలనుకుంటే, దీన్ని తీసుకోండి.

ఇంకో చిన్న ఉపాయం: పిల్లలు కళ్లు మూసుకుంటారు, కాని భయం చెవుల గుండా వస్తుంది. కళ్లు మూసే బదులు శబ్దం తగ్గించండి. సంగీతం లేని దెయ్యం సగం దెయ్యమే.

అమ్మమ్మ, తాతయ్యలు వచ్చి ఉన్నారు. "పండుగ పూట దెయ్యాలేమిటి, అశుభం" అంటున్నారు. ఏం చెప్పాలి?

వాళ్లతో వాదించకండి, వాళ్ల చిన్ననాటి దీపావళి గురించి అడగండి. కోస్తా ఊళ్లలో పెరిగినవాళ్లయితే గోగు కర్రలకు నూనె గుడ్డలు చుట్టి వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అంటూ నేలకు కొట్టిన సంగతి చెబుతారు. ఆ దివిటీలు ఎందుకో కూడా వాళ్లకే తెలుసు. మహాలయ పక్షంలో వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్లడానికి దారి చూపే వెలుగు అది, ఉల్కాదానం అంటారు. చలికాలం ముందు, చీకటి రాత్రి, పోయినవాళ్ల కోసం ఒక దీపం. ఐర్లండ్ వాళ్లు చేసింది దీనికి మరీ దూరం కాదు. మా మామగారికి ఇలా చెప్పినప్పుడు ఆయన కాసేపు ఊరుకొని, "మరి గుమ్మడికాయకు ముఖం ఎందుకు?" అన్నారు. మన గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయకు కళ్లూ మీసాలూ ఎందుకు గీస్తారో గుర్తుచేశాను. ఆ మర్నాడు ఆయనే కత్తి పట్టుకొని కూర్చున్నారు.

సినిమా కూడా వాళ్లకు అందేది పెట్టండి. "మాయాబజార్" (1957) మూడు గంటల పైమాటే, కాని అంతా అక్కర్లేదు. ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడుగా పెళ్లి విందు ముందు కూర్చున్న ఘట్టం ఒక్కటి పెట్టి చూడండి. లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లోకి వెళ్తుంటే, తెలుగు సరిగ్గా రాని పిల్లలు కూడా విరగబడి నవ్వుతారు. రంగుల్లోకి మార్చిన ప్రతి 2010లో వచ్చింది. నలుపు తెలుపు అనగానే మొహం తిప్పుకునే పిల్లలకు అది పెట్టవచ్చు. ఇంగ్లిష్ సినిమా అయితే అక్షరాలు కనిపించేలా పెట్టండి. అమెరికా యాస చెవిన పడకపోయినా పెద్దవాళ్లు చదివి అందుకుంటారు.

తినడానికి ఏం చేయాలి?

పాప్‌కార్న్ పొయ్యి మీదే చేయండి. అడుగు మందం గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె, మూడు గింజలు వేయండి. ఆ మూడూ పేలాక అర కప్పు గింజలు పోసి, ఆవిరి పోయేటట్టు మూత ఓరగా పెట్టి గిన్నెను ఊపుతూ ఉండండి. ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య రెండు సెకన్లు పట్టిందంటే దించేయవచ్చు. వేరే చిన్న మూకుడులో నెయ్యి వేడిచేసి, కరివేపాకు గలగలలాడేదాకా వేయించి నలిపి, పసుపు, కారం, ఉప్పు కలిపి దాని మీద పోయండి. మా ఇంట్లో దీని పక్కన దుకాణపు పొట్లం నిలవదు.

నాలుగేళ్లు నిండని పిల్లలకు పాప్‌కార్న్, పల్లీలు పెట్టకండి. గొంతుకు అడ్డం పడతాయని ఇక్కడి పిల్లల వైద్యులు గట్టిగా చెబుతారు. చీకట్లో, నవ్వుతూ, పడుకొని తినే రాత్రి కనుక మరింత జాగ్రత్త. వాళ్లకు మెత్తటి ఇడ్లీ మీద మెత్తగా ఉడికించిన క్యారట్ ముక్కలతో కళ్లు పెడితే అదే దెయ్యం.

శాకాహారులు చూసుకోవలసింది జెలటిన్. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే పదార్థం అది. మార్ష్‌మెల్లోలు, గమ్మీలు, మూడు రంగుల క్యాండీ కార్న్ వంటి వాటిలో సాధారణంగా ఉంటుంది. హాట్ చాక్లెట్ మీద మార్ష్‌మెల్లో వేసేముందు పొట్లం వెనక చదవండి. హాట్ చాక్లెట్ బదులు వడగట్టని యాపిల్ రసం, ఇక్కడ సైడర్ అంటారు, దాల్చిన చెక్క, నాలుగు లవంగాలు, చిటికెడు శొంఠి వేసి మరిగిస్తే ఇల్లంతా ఆ వాసనే.

సినిమా మధ్యలో పిల్లలు తలుపు తడుతూ ఉంటారు కదా?

వాకిట్లో దీపం వెలుగుతుంటే రమ్మని, ఆర్పితే వద్దని ఇక్కడి వాడుక. మేము 8 గంటలకు దీపం ఆర్పి సినిమా మొదలుపెడతాం. ముందే మొదలుపెట్టాలంటే మెట్ల మీద ఒక గిన్నెలో మిఠాయిలు పెట్టి "ఒక్కొక్కరు రెండు తీసుకోండి" అని రాసి పెట్టండి. గిన్నె పక్కన నీలిపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ పెడితే, ఎలర్జీ ఉన్న పిల్లల కోసం తినే వస్తువులు కానివి కూడా ఉన్నాయని అర్థం. పెన్సిళ్లు, బొంగరాలు, స్టిక్కర్లు చాలు. పల్లీ పడని పిల్ల ఉన్న తల్లికి ఆ రంగు కనిపిస్తే ఎంత ఊరటో నేను కళ్లారా చూశాను.

గుమ్మడికాయ ఎప్పుడు చెక్కాలి? చెక్కాక ఆ గుజ్జు వండుకోవచ్చా?

రెండు మూడు రోజుల ముందు చాలు. మరీ ముందు చెక్కితే బూజు పడుతుంది, లేదా ఉడతలు కొరికేస్తాయి. చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో గుజ్జు నీరునీరుగా, చప్పగా ఉంటుంది, వండవద్దు. దప్పళానికి ఇక్కడ 'పై పంప్‌కిన్' అని అమ్మే చిన్న గుమ్మడికాయలు తెచ్చుకోండి, తియ్యగా ఉంటాయి. గింజలు మాత్రం ఏ కాయవైనా పారేయకండి. కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో 300 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర అరగంట పైగా, మధ్యలో కలుపుతూ వేయించండి. లోపల బ్యాటరీ దీపమే పెట్టండి. వేలాడే వేషాలతో పిల్లలు తిరిగే చోట మంట వద్దు.

గదిలో పూర్తి చీకటి ఉండాలా?

వద్దు. మీ వెనక ఒక చిన్న దీపం ఉంచండి. వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు ఇల్లులాగే కనిపించాలి. దుప్పట్లన్నీ నేల మీద పరవండి, సోఫా పెద్దవాళ్లకు వదిలేయండి.

మర్నాడు బడి ఉంటే?

25 నిమిషాల సినిమా ఒకటి చూసి, పెద్దది శనివారానికి ఉంచుకోండి. 2026లో ఆ బాధ లేదు. హాలోవీన్ శనివారం వస్తుంది, పైగా ఆ రాత్రి 2 గంటలకు గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి.

అదే రోజు దీపావళి వస్తే?

2024లో వచ్చింది. ముందు దీపాలు, పూజ, భోజనం. తర్వాత పట్టు పావడాల్లోనే పిల్లలు వీధిలో తిరిగి వచ్చారు. ఆ ఏడాది సినిమా మరుసటి రోజుకు జరిపాం, ఎవరూ ఏమీ అనుకోలేదు.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా ఇది నడుస్తుందా?

సినిమా మారితే నడుస్తుంది. మా బాబు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు, పాపకు పద్నాలుగేళ్లు. వాళ్లిద్దరూ ఎంచుకున్నది "కోకో" (2017). మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీల్లో జరిగే మృతుల దినోత్సవం కథ. ఆ దేశంలో ఇంట్లో పోయినవాళ్ల ఫోటోలు పెట్టి, బంతిపూల రేకులు దారి పొడవునా చల్లుతారు. ఆ దారి పట్టుకొని వాళ్లు ఇంటికి వస్తారని నమ్మకం. బంతి మొక్క పుట్టిల్లు కూడా మెక్సికోయే. మన తోరణాల్లో పువ్వు అక్కడి నుంచి సముద్రం దాటి వచ్చిందే. అందుకే మేము దీన్ని హాలోవీన్ మర్నాడు, నవంబర్ 1న చూస్తాం. టీవీ పక్కన మా మామగారి ఫోటో, దానికి మా పెరటి బంతిపూల దండ.

పోయిన ఏడాది అందరూ కూర్చున్నాక పాప రిమోట్ తీసుకొని, ఒక్క క్షణం ఆగి, దాన్ని నాయనమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ సినిమాను పదకొండుసార్లు ఆపారు. ఒకసారి నీళ్లకు, మిగిలినవన్నీ తెర మీద ఏ ముసలమ్మ ఎవరికి ఏమవుతుందో తేల్చుకోవడానికి. రెండు గంటల లోపు సినిమా అర్ధరాత్రి దాటాక అయిపోయింది.